పచ్చినాదము



చింతపండును, మిరపకాయలను, కందిపప్పును ఏడాదికొకమారు బాగుచేసి దాచుకొనుట మనమందఱము ఎఱిగిన పనియే. ఇపుడు మేము వ్రాయబూనినది నాదమును దాచుకొనుటను గూర్చి. అదియు వండిన నాదమును గాదు, పచ్చినాదమును. విద్యుత్తుతో మ్రోగు గిటారు, మాండొలిను మొదలగు వాద్యముల తీగనుండి పుట్టిన ధ్వనిని ఏ హంగును చేర్చక ఉన్నదున్నట్లు ఇంటిలోనే పట్టియుంచి, కావలసిన రంగును తరువాత తీరికగా చేర్చుకొను పద్ధతి యొకటి కలదు. నగరములలోని శబ్దశాలల వారికి ఇది చిరపరిచితము. ఉయ్యూరువంటి యూరిలో, బడిపంతులుగారి యింట, వంటయింటి ప్రక్కగదిలో నిది యెట్లు సాగునో, మా కుటుంబమునకు దీనితో నేమి పని కలిగెనో చెప్పుటయే మా యుద్దేశము. మేము వాద్యము నెఱుగము. మా నాయనగారి యొద్ద భారత భాగవతములను, కొంత వసుచరిత్రమును చదువుకొన్నవారమే కాని విద్యుచ్ఛాస్త్రము చదివినవారము కాము. చూచియు, అడిగియు, దగ్గఱనుండి చేయి సాయము చేసియు తెలిసికొన్నది మాత్రమే వ్రాయుచున్నాము.

మా యింట గిటారు వాయించునది మా ఆడపడుచు. విజయవాడలో ఇంజనీరింగు చదువుచున్న దినములలో తోడి విద్యార్థినుల యొద్ద నేర్చి, ఉద్యోగము వచ్చిన పిమ్మట మొదటి యేటి జీతములో మిగిల్చి సొంతముగా నొక వాద్యమును కొనుక్కొన్నది. అచ్చటనే హాస్టలులో నుండి శనివారము సాయంకాలము బస్సెక్కి మా యొద్దకు వచ్చును. ఆ గిటారును మొదట చూచినపుడు మాకు నవ్వు వచ్చెను. వీణకు పనసకఱ్ఱ కుండ కలదు. తీగ మీటినంతనే యా కుండ నిండ నాదము మ్రోగును. దీనికి కడుపే లేదు, గట్టి చెక్కపలక. విద్యుత్తు లేనిచో ప్రక్కగదికైన వినబడదు.

అయితే ఆ పలకలో, తీగల క్రింద, నొక చమత్కారము కలదు. అయస్కాంతముల చుట్టును వెండ్రుకవలె సన్ననైన రాగితీగను వేలకొలది చుట్లు చుట్టి యమర్చిన చిన్న దిమ్మ యది. పికప్పు అందురు. పైనున్న ఉక్కుతీగ కదలినపుడు ఆ రాగిచుట్టలో అత్యల్పమైన విద్యుత్తు పుట్టును. తీగ యెట్లు కదలునో అదియు నట్లే కదలును. ఈ యుపాయముతో అమెరికాలో జార్జి బోచాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు 1932లో అమ్మకమునకు తెచ్చిన గిటారు పోత అల్యూమినియముతో చేసినది. గుండ్రని పళ్లెమును, పొడవైన కాడయు నుండుటచే జనులు దానికి పెనమని ముద్దుపేరు పెట్టిరి. ఎన్నడును వంటయింటికి రాని వస్తువునకు వంటయింటి పేరు పెట్టుట మాకు ముచ్చటగానే తోచినది.

ఈ సన్నని విద్యుత్తును పెంచి స్పీకరున కందించు యంత్రము యాంప్లిఫయరు. అది పెంచి యూరకుండిన నేమియు లేకపోవును. గిటారు వాయించువారు దానిని వాద్యములో సగముగా నెంచుదురు. ఒక యంత్రములో నాదము తేనెవలె జాఱును. ఒకదానిలో రంపము కోసినట్లుండును. ఒకదానిలో దూరపు గుడిలో మ్రోగినట్లుండును. తీగ యొకటే, వ్రేలొకటే, స్వర మొకటే. ఉడికిన కందిపప్పును తలచుకొనుడు. ఉప్పు వేసి మెదిపిన ముద్దపప్పు, చింతపండు పోసిన పప్పుచారు, కూర కలిపిన పప్పు. మూడును ఒక్క గిన్నెనుండియే వచ్చును. కాని ఇంగువ పోపు పడిన పప్పును మఱల ముద్దపప్పుగా మార్చగల యిల్లాలు ఈ భూమిమీద పుట్టలేదు.

మా ఆడపడుచునకు ఈ సంగతి అనుభవపూర్వకముగనే తెలిసినది. హైదరాబాదులో లఘుచిత్రములకు సంగీతము కూర్చు నొక యువకుడు తన పాటకు గిటారు వాయించి పంపుమని యడిగెను. ఆమె రెండు రాత్రులు కూర్చుండి, తనకు నచ్చిన గరుకైన ధ్వనితో వాయించి పంపెను. ఆతడు విని, వాయింపు బాగున్నది కాని ధ్వని మాత్రము మెత్తగా కావలెనని తెలియజేసెను. చేయునదేమి? ఆ గరుకుదనము నాదములో కలిసిపోయినది. మఱల మొదటినుండి వాయింపవలసి వచ్చెను. రెండవసారి వాయించినపుడు మొదటి రాత్రి చేతికి వచ్చిన సొగసు రాలేదని ఆమె నేటికిని చెప్పుకొనును. తరువాతి పాటకు ఆతడే, పచ్చినాదమును పంపినయెడల రంగు తాను వేసికొందునని చెప్పెను. శబ్దశాలల వారు దానిని డి.ఐ. యందురు. యంత్రమును తొలగించి నేరుగా పట్టిన నాదమని తాత్పర్యము.

దీనికి కావలసిన సరంజామా స్వల్పము. కంప్యూటరు ఎటులను ఇంట నున్నది. రెండు మిక్సీల వెలలో ఆడియో ఇంటర్‌ఫేస్ అను చిన్నపెట్టె యొకటి కొన్నది. గిటారు తీగను నేరుగా ఆ పెట్టెలో గ్రుచ్చవలెను. అయితే ఏ రంధ్రములోనైన గ్రుచ్చరాదు. పికప్పులో పుట్టు విద్యుత్తు మిక్కిలి దుర్బలము. దాని నెక్కువగా లాగుకొను ద్వారమున కందించినచో నాదములోని మెఱుగంతయు పోయి మూగవోవును. పది లక్షల ఓముల నిరోధము గల ద్వారము, వాద్యమునకని ప్రత్యేకముగా గుర్తు వేసినది, పెట్టెమీద నుండును. దానిలోనే గ్రుచ్చవలెను. తరువాత ఆ పెట్టె సెకనునకు 48,000 మార్లు నాదమును తూచి, ఒక్కొక్క తూకమును 24 బిట్ల సంఖ్యగా వ్రాసికొనును. ఒక నిమిషపు వాయింపు ఎనిమిదిన్నర మెగాబైట్లకు కొంచె మెక్కువగును. ఒక పెండ్లి వీడియోతో పోల్చినచో ఇది గంజిలో మెతుకంత.

నాదపు పరిమాణము విషయమున లోభమే మేలు. గీత యెంత ఎత్తునకు లేచిన నంత మంచిదని తోచును గాని, కుండ అంచువఱకు పాలు పోసి పొయ్యిమీద నెక్కించు వారెవరు? మిక్కిలి గట్టిగా మీటినపుడు సయితము మైనస్ 12 డెసిబెల్సు దగ్గఱనే నిలుచునట్లు అమర్చుకొన్నచో ఎన్నడును పొంగదు. ఒక్కసారి అంచు దాటిన నాదము తల తెగినట్లగును. అటుపిమ్మట దానిని బాగుచేయు వైద్యము లేదు. 24 బిట్లలో క్రిందివైపున చోటు సమృద్ధిగా నున్నది గావున తక్కువగా పట్టినందువలన నష్టము లేదు.

ఇందులో నొక సూక్ష్మము కలదు. పచ్చినాదమును వినుచు వాయించుట యెవరికిని రుచింపదు. ధ్వని సన్నగా, ఎండిన చిక్కుడుకాయను విఱిచినట్లుండును. వాయించువాని చేయి ముడుచుకొనిపోవును. అందుచేత కంప్యూటరులో నొక కల్పిత యాంప్లిఫయరు నుంచి, చెవులకు రంగువేసిన నాదమును వినిపించుచు, పెట్టెలో మాత్రము రంగులేనిదానిని దాచుకొందురు. మీటిన క్షణమునకును వినబడు క్షణమునకును నడుమ సెకనులో వెయ్యవ వంతులు కొలదిగా మాత్రమే గడచునట్లు చూచుకొనవలెను. అంతకు మించినచో తాళము తప్పును. ఈ యేర్పాటు వలన రాత్రి పదింటికి మా ఆడపడుచు హెడ్‌ఫోను తగిలించుకొని ఉఱుముల వంటి సంగీతము వాయించుచుండగా, అదే గదిలో మావారు పదవ తరగతి జవాబుపత్రములు దిద్దుకొనుచుందురు. వారికి వినబడునది తీగల చిటచిట మాత్రమే.

ఇంతకన్న మమ్ము నాశ్చర్యపఱచినది మఱియొకటి. మా యిల్లు ప్రధాన వీధికి దాపున నున్నది. చెఱకు కాలమున ట్రాక్టర్ల బారు. మాఘశుద్ధ ఏకాదశి నుండి పదునైదు దినములు వీరమ్మతల్లి తిరునాళ్ల మైకులు. ప్రొద్దున్నే కుక్కరు కూత, కాకులు, పాలవాని బండి. సెల్ఫోనుతో ఏది పట్టినను ఇవన్నియు పాటలో పడును. ఈ పద్ధతిలో నొక్కటియు పడదు! ఇందులో మైకు లేదు గదా. తీగ కదలిక తప్ప దానికి వేఱొండు చెవి లేదు. ప్రక్కన రోలు దంచుచుండినను అది వినదు. కాని మనకు వినబడనివన్నియు దానికి వినబడును! ఫ్యాను రెగ్యులేటరు, ట్యూబులైటు చోకు, సెల్ఫోను ఛార్జరు, గోడలోని కరెంటు తీగ, ఇవన్నియు మౌనముగా నున్నట్లే యుండి, రాగిచుట్టలో సెకనునకు 50 సారుల హోరును నింపును. ఇన్వర్టరు మీద నడచునపుడు మఱియు కర్కశముగా గీపెట్టును. ఇంటిలో ఎవరు గోల చేయుదురో వారివలన బాధ లేదు. ఎవరు మాటాడక మూల కూర్చుందురో వారివలననే యని మా ఆడపడుచు నవ్వుచు చెప్పినపుడు, ఉమ్మడి కుటుంబములో కాపురము చేసిన మాకు ఆ మాట కొంత దూరము పోయినట్లు తోచెను.

ఈ హోరును తగ్గించు మార్గములు మేము నేర్చితిమి. ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తు సరిచేయించితిమి. వాయించునంతసేపు ఫ్యానును, ట్యూబులైటును ఆపి, ఛార్జరు తీసి కంప్యూటరును బ్యాటరీ మీద నడుపుదుము. ఎండాకాలమున ఇది తపస్సే. వాద్యమును ఏ దిక్కునకు త్రిప్పిన హోరు తగ్గునో కనిపెట్టవలెను, ఏలయన రాగిచుట్ట తిరిగిన కొలదియు హోరు హెచ్చుతగ్గు లగును. మా గదిలో తూర్పుముఖముగా కూర్చుండినపుడు మిక్కిలి తగ్గినది. మా అత్తగారు విని, "చూచితివా, పెద్దలు ఊరకే చెప్పిరా?" యని ఎంతో సంతోషించిరి. పడమటి గోడలో మీటరుపెట్టె యున్నదని ఎవరును వారితో చెప్పలేదు. గిబ్సన్ సంస్థలో సేత్ లవర్ అను నాతడు 1955లో రెండు చుట్టలను ఎదురెదురుగా చుట్టి, హోరు పరస్పరము కొట్టుకొనిపోవునట్లును, తీగ నాదము మాత్రము కూడుకొనునట్లును చేసెను. అట్టి పికప్పు గల గిటారునకు ఈ యవస్థలు చాలవఱకు లేవు.

ఇట్లు దాచిన పచ్చినాదమును తరువాత యాంప్లిఫయరునకు పంపుటను రీయాంపింగు అందురు. వాయించినవారు నిద్రపోవుచుండగా వారి వాయింపు మరల యంత్రములోనికి పోయి, స్పీకరులో మ్రోగి, ఎదుటనున్న మైకులో క్రొత్త రూపముతో పడును. నచ్చనిచో మఱియొక యంత్రము, మఱియొక గది. వాయించినది మాత్రము ఒక్కసారియే. ఇక్కడను నొక తూము కావలెను. పుల్లేరు కాలువ నీటిని గట్టు తెగగొట్టి నారుమడిలోనికి వదలినచో నారంతయు కొట్టుకొనిపోవును గదా! పెట్టెనుండి తిరిగి వెలువడు విద్యుత్తు బలిష్ఠము. గిటారునుండి వచ్చునది దుర్బలము. యాంప్లిఫయరు దుర్బలమైనదానికే అలవాటుపడినది. బలిష్ఠమైనదానిని మఱల గిటారంత సాధువుగా మార్చి యందించు చిన్న పరికరమును అమెరికాలో జాన్ కునిబర్టి అను శబ్దకారుడు 1990వ దశకమున నిర్మించి అమ్మకమునకు పెట్టెను. ఈ పనికి ఆ పేరు స్థిరపడుటకు అదియే ముఖ్యకారణము. ఇపుడు యంత్రమే లేక కంప్యూటరులోనే రంగు వేయు సాధనములును సమృద్ధిగా నున్నవి. మేము రెండును విన్నాము. గదిలో గాలి కదలించిన నాదమునకే మా యోటు.

అన్నియు తరువాత మార్చుకొనవచ్చునని భ్రమపడరాదు. వ్రేళ్ల బలము, తీగను మీటిన చోటు, శ్రుతి, తాళము, ఇవి వాయించిననాడే నిశ్చయమైనవి. తుప్పుపట్టిన తీగతో వాయించిన పచ్చినాదమునకు ఎంత రంగు వేసినను తుప్పు వినబడుచునే యుండును. మఱియు, పెద్ద యాంప్లిఫయరు ముందు నిలుచుండి వాయించునపుడు స్పీకరు నాదమే గాలిలో వచ్చి తీగను మఱల కదలించి, స్వరము ఆగక మ్రోగుచుండును. ఆ వింత పచ్చినాదములో లేనిచో తరువాత ఎవరును తీసికొనిరాలేరు.

భారతము అరణ్యపర్వములో నలుడు కర్కోటకుని కాటుచే రూపు మాఱి బాహుకుడై ఋతుపర్ణుని కొలువున సారథిగా నుండెను. ఎదుట నిలిచినను దమయంతి రూపముచేత ఆతనిని పోల్చుకొనలేకపోయెను. కేశినిచేత ఆతడు వండిన వంటను తెప్పించి, రుచిచూచి, ఇది నలుని చేయియే యని గుర్తించెను. రూపము కర్కోటకునిది, చేయి నలునిది. ఈ గిటారు వ్యవహారము మాకు బోధపడినది ఆ కథవలననే. యాంప్లిఫయర్లన్నియు కర్కోటకులు. దాచుకొనవలసినది చేతిని.

చేతిని దాచుకొనవలసిన యవసరము మా యింట నిరుడు వచ్చెను. మా మామగారికి ఇపుడు డెబ్బది యేండ్లు. సేద్యము చేసినవారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములకు స్నేహితులతో కూడి పోయిరి. ఆనాడు తొమ్మిదేండ్ల బాలుడొకడు వేదిక నెక్కి, అంతవఱకు కర్ణాటక సంగీతసభలలో ఎవరును లెక్కింపని మాండొలిను మీద కచ్చేరి చేసెను. ఆతడే పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. అదియే ఆతని తొలి కచ్చేరి. గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిను వాయించుట రాదు. వారు పాడగా విని బాలుడు వాయించెడివాడు. మాండొలినునకు సహజముగా జంటతీగలు నాలుగు. శ్రీనివాస్ వానిని తీసివేసి ఒంటితీగలు అయిదు పెట్టి, విద్యుత్తు చేర్చెను. మామూలు మాండొలినులో స్వరము మీటినంతనే యారిపోవును. గమకమునకు వ్యవధి చాలదు. విద్యుత్తు చేర్చిన పిదప స్వరము నిలిచి, వ్రేలు దానిని ఊపుటకు వీలు కలిగెను. 1998లో ఆతనికి పద్మశ్రీ వచ్చెను. 2014 సెప్టెంబరులో, 45 ఏండ్లకే, చెన్నైలో కన్నుమూసెను. ఆ దినమున మా మామగారు అన్నము ముట్టలేదని మా అత్తగారు చెప్పుదురు.

గుడివాడనుండి వచ్చిన పిదప మా మామగారు కొంతకాలమునకు విద్యుత్ మాండొలినొకటి సంపాదించి, పగలంతయు పొలములో నుండి, రాత్రులు సాధన చేసి నేర్చిరి. సభ కెక్కినవారు కారు. వారి శ్రోతలు మా అత్తగారు, బిడ్డలు, పశువులకొట్టములో నెమరువేయు గేదెలు. మేము కోడలుగా వచ్చిననాటినుండి ప్రతి యుదయమును ఆ హంసధ్వనితోనే మాకు తెల్లవాఱెడిది.

నిరుడు వారి కుడిచేయి వణకనారంభించెను. విజయవాడలో వైద్యులు పరీక్షించి పార్కిన్సన్ వ్యాధి యనిరి. మందు కలదు గాని రానురాను చేయి మందగించునని చెప్పిరి. మామగారు ఇంటికి వచ్చి మాండొలినును బీరువామీద నెక్కించిరి. వారెన్నడును దుఃఖము చెప్పుకొనువారు కారు. నాలుగు దినములు చూచి మా అత్తగారే మాతో, "అమ్మాయీ, ఆ పెట్టెలో ఆయన వాయింపును పట్టుటకు వీలగునా? చేయి ఉండగనే" యనిరి.

శనివారము మా ఆడపడుచు వచ్చెను. మామగారు మొదట ఒప్పుకొనలేదు. బాగున్ననాడు పట్టనిది ఇపుడేల యనిరి. కూతురు, "నాన్నా, ధ్వని బాగుండకపోయిన తరువాత నేను చూచుకొందును. మీరు వాయింపు డంతే" యనెను. వ్యాధిలక్షణమును గూర్చి వైద్యులు చెప్పినది మాకు గుర్తుండెను. చేయి విశ్రాంతిగా నున్నపుడు వణకును; పనిలోనికి దిగినపుడు కొంత తగ్గును. మాత్ర వేసికొన్న ముప్పావు గంటకు చేయి తేలికపడును. మేము గడియారము చూచి మాత్ర నిచ్చి, ఫ్యాను ఆపి, తూర్పుముఖముగా వారిని కూర్చుండబెట్టితిమి. వారు హెడ్‌ఫోను వలదనిరి. చెవులు మూసికొని వాయించుట అపచారమట. ఆ పాత మాండొలినునకు ఒంటిచుట్ట పికప్పే గావున మా జాగ్రత్తలన్నియు అవసరమయ్యెను. అఱగంటలో రెండు కీర్తనలు పట్టితిమి.

వెంటనే వినిపింపుమని వారు పట్టుపట్టిరి. ఆడపడుచు తటపటాయించి వినిపించెను. పచ్చినాదము. సన్నగా, పొడిగా, డబ్బామీద చినుకులు పడినట్లు. మామగారు కొంతసేపు విని, "ఇంతేనా నేను వాయించినది?" యని లేచి అరుగుమీదికి పోయిరి. నలువది యేండ్లుగా యాంప్లిఫయరులో వినిన నాదమునే తమ చేతినాదమని తలచినవారికి ఆ శుష్కధ్వని ఎంత బాధ కలిగించెనో మాకు తెలిసినది. పచ్చినాదమును వాయించినవారికి వినిపింపరాదని మా దృఢాభిప్రాయము. వడియపు పిండిని తినిపించి వంట మెప్పించుకొనువారుందురా?

మఱునాడు ఆడపడుచు గుడివాడ నుండి ఒక పరిచితుని చిన్న యాంప్లిఫయరును అడిగి తెచ్చెను. హాలులో బల్లమీద నుంచి, ఎదుట జానెడు దూరమున మైకు పెట్టి, నిన్నటి నాదమును తూముపెట్టె ద్వారా దానిలోనికి వదలెను. గది నిండెను. మోహనరాగము. వంటయింటిలో కూరలు తఱుగుచున్న మా అత్తగారు కత్తిపీట వదలి గుమ్మము కడకు వచ్చి, మామగారు లోపల వాయించుచున్నారనుకొని తొంగిచూచి, అరుగుమీద వారు కూర్చుండుట చూచి నివ్వెఱపోయిరి. ఆ హాలులో ఎవరును లేరు. మామగారు లోనికి వచ్చి, యంత్రమునకు దగ్గఱగా కుర్చీ లాగుకొని, "పైస్వరము కొంచెము తగ్గింపుము" అనిరి. ఆమె తగ్గించెను. "ఇంకను." తగ్గించెను. ఆ పూట ఒక్క కీర్తనను ఆఱు విధముల మ్రోగించిరి. చేయి కదలింపకయే వారు తమ వాద్యమును సవరించుకొనిరి.

తరువాత నొక వివాదము పుట్టెను. కంప్యూటరు తెరమీద నాదము గీతగా కనబడును. పల్లవికి ముందును, చరణమునకు ముందును, చేయి తీగమీద ఆగియుండు క్షణములలో, సెకనునకు నాలుగైదు చొప్పున చిన్నచిన్న మొలకలు కనబడినవి. వణకుచున్న మీటు తీగను తాకిన చప్పుళ్లవి. వాయింపు మొదలు కాగానే అవి మాయమగును. ఆడపడుచు వానిని కోసివేయుదుననెను. శుభ్రముగా నుండవలె ననుట ఆమె పక్షము. అదియు తండ్రిమీది గౌరవముచేతనే. మా అత్తగారు వలదనిరి. "ఆయన చేయి అది. ఉండనీ." మావారు ఎప్పటివలె ఇరుపక్షములను సమర్థించిరి.

మమ్ము అడుగగా మేము చెప్పితిమి: పచ్చినాదమును ముట్టుకొనవలదు, దాని ప్రతిని తీసి, దానిలో ఏమి కోసికొన్నను, ఏ రంగు వేసికొన్నను ఎవరి యిష్టము వారిది. మూలము మూలముగానే యుండవలెను. తాళపత్రము చెదపట్టిన చోట వ్రాయసకాడు తన బుద్ధితో పూరించిన పద్యములు మన సాహిత్యములో ఎన్ని లేవు! మూలము దొరకక పండితులు తలలు బాదుకొనుచునే యున్నారు. ఆడపడుచు ఒప్పుకొన్నది, కాని తన ప్రతిలో మొలకలను కోసివేసినది. అత్తగారి సెల్ఫోనులో నున్న ప్రతిలో అవి యున్నవి. మామగారిని ఎవరును అడుగలేదు. అడుగవలసినదే యని ఇపుడు మా ఆడపడుచు అనుచున్నది, ఇంకను అడుగలేదు.

ఇప్పటికి పదునొకండు కీర్తనలు చేరినవి. ఒక ప్రతి కంప్యూటరులోను, ఒకటి బీరువాలో నగల పెట్టె ప్రక్కను, ఒకటి విజయవాడలో ఆడపడుచు నొద్దను ఉన్నవి. చెఱకురసము ఒక పూట దాటిన పులియును. ఇది పులియదు గాని యంత్రము చెడినచో ఒక్క క్షణములో నంతయు పోవును గావున మూడుచోట్ల నుంచితిమి. ఒక్కొక్కదానిమీద తేదీ, రాగము, మాత్ర వేసికొన్న వేళ వ్రాయుట మా పని. ఎండాకాలము నాటి హంసధ్వనికిని, కార్తికములో పట్టిన హంసధ్వనికిని తేడా మాకే తెలియుచున్నది. వేగము తగ్గినది. గమకము మాత్రము ఎడమచేతిది గనుక అట్లే యున్నది.

కల్యాణిలో నొక పెద్ద కీర్తన మిగిలినది. మామగారు దానిని మూడుమారులు మొదలుపెట్టి చరణము దగ్గఱ ఆపివేసిరి. ఆడపడుచునకు బెంగుళూరులో క్రొత్త యుద్యోగము వచ్చినది; వచ్చు నెలలో పోవలెను. ముక్కలు ముక్కలుగా వాయించిన అతికింతునని ఆమె యనగా, మామగారు అతుకుల చీర తాము కట్టుకొనమనిరి. వచ్చు ఆదివారమున మాత్రను ఏడు గంటలకు ఇత్తుము. ఏడు నలువదియైదునకు ఇన్వర్టరును, ఫ్యానులను ఆపి, కుక్కరు మాత్రము పొయ్యిమీదనే యుంచుదుము.